చినుకు చారల నీలం

టింగ్.

రేకు మీద ఒక్క చినుకు పడ్డట్టు.

టింగ్... టింగ్.

చేతిలో ఉన్న జల్లెడను బకెట్టు మీద అలాగే వదిలేసి ఆమె పెరట్లోకి పరిగెత్తింది. తీగ మీద ఉన్నవన్నీ లాగేసింది — భర్త పనిచొక్కాలు, అత్తయ్య శాలువా, కొత్త దుప్పటి, గాలికి ఒకదానికొకటి చుట్టుకుపోయిన రెండు తువ్వాళ్ళు. ఒకటి అతనిది, ఒకటి తనది. ఆ తువ్వాళ్ళను చూస్తే ఆమెకు ఇప్పటికీ నవ్వొస్తుంది. మనుషులు ఎవరి పనుల మీద వాళ్ళు పోతే, తీగ మీద అవి కాపురం చేస్తుంటాయి.

ముఖం పైకెత్తి చూసింది.

మబ్బు ఉంది. చినుకు లేదు.

టింగ్.

వాన కాదు. వెనకగదిలో బట్టీ చల్లారుతోంది. పొద్దున దాని మూత కాస్త ఎత్తిపెట్టి వచ్చింది తనే. లోపల తెల్లపూత సాసర్లు చల్లబడుతూ, వాటి మీది గాజుపొర సన్నగా బిగుసుకుంటూ, ఒక్కొక్కటే పలుకుతున్నాయి. కాలేజీలో మట్టిపని నేర్చుకున్న మొదటి ఏడాదే విన్నది ఆ చప్పుడు. అప్పటి నుంచి వింటూనే ఉంది. అప్పటి నుంచి మోసపోతూనే ఉంది.

"వానొచ్చిందా, మట్టిచేతులమ్మా?" వంటింటి గుమ్మంలోంచి అత్తయ్య గొంతు.

"లేదత్తయ్యా. సాసర్లు."

"బాగుంది. ఆరని బట్టలన్నీ పట్టుకొచ్చావు. ఇప్పుడు నీ సాసర్లనే ఆరబెట్టమను."

అప్పుడు మోగింది ఫోను.

తడిబట్టలు గుండెలకు హత్తుకుని, ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, ఒంటికాలి మీద నిలబడి విన్నది. పెళ్ళికి కొన్న చెప్పులు ఇంకా కరుస్తూనే ఉన్నాయి మరి. నది ఒడ్డున కొత్తగా తెరవబోతున్న రెస్టారెంటు వాళ్ళు. ఆమె పంపిన నీలం గిన్నె చూశారట. చాలామంది పంపారట, ఇదే కావాలట. వాళ్ళ బల్లల మీదికి గిన్నెలూ పళ్ళేలూ అన్నీ ఆమే చెయ్యాలట.

"ఒక్కటే మాటండీ," అంది అవతలి ఆవిడ. "అచ్చం ఆ రంగే రావాలి. ఆ నీలం, అందులో చినుకులు జారినట్టు ఆ చారలు. వచ్చేవారం ఇంకో గిన్నె పంపండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాం. తేడా లేకపోతే మీరే."

తేడా లేకపోతే — తనే.

ఫోను పెట్టేసింది. బట్టలతో సహా గిర్రున తిరిగింది. తువ్వాలు ఎగిరి వంటింటి గట్టు మీద పడింది. అత్తయ్యను వెనక నుంచి వాటేసుకుంటే ఆవిడ చేతిలో గరిటె కూడా ఒక చుట్టు తిరిగింది.

"వదులు, వదులు. ఏమైందో చెప్పి ఊపు."

చెప్పింది.

 అత్తయ్య గరిటె గిన్నె అంచుకు తట్టి, "పరవాలేదు. మట్టికీ మంచిరోజులొచ్చాయి," అంది. ఆవిడ నోట అది పెద్ద పొగడ్తే.

తర్వాత అతనికి ఫోను చేసింది. అతను ఎత్తైన భవనాల్లో లిఫ్టులు బాగుచేస్తాడు. ఎప్పుడు ఫోను చేసినా ఏదో ఒక బావిలోంచి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఆ లోతులోంచి తన పేరు రావడం ఆమెకు ఇష్టం. అందుకని ఒక్కోసారి ఏ పనీ లేకుండానే చేస్తుంది.

"నా గిన్నె నచ్చిందట! అన్నీ నన్నే చెయ్యమన్నారు!"

"నాకు ముందే తెలుసు," అన్నాడు అతను.

వెంటనే. ఊపిరి కూడా తీసుకోకుండా.

ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు. సాయంత్రం త్వరగా వస్తానన్నాడు. ఏదో తెస్తానన్నాడు. ఏమిటని అడిగితే చెప్పనన్నాడు.

ఫోను బల్ల మీద పెట్టింది.

ముందే.

ముందే తెలుసు.

స్నానం చేసి వచ్చాక చెవిలో ఒక నీటిబొట్టు ఉండిపోతుందే... తల వంచినా పోదు, దులిపినా పోదు. ఆ మాట అలా ఉండిపోయింది.

ముందే ఎలా తెలుసు?

*

వెనకగది ఒకప్పుడు విరిగిన కుర్చీలు పెట్టుకునే కొట్టుగది. పెళ్ళయిన కొత్తలో అతనే ఖాళీ చేశాడు. బట్టీకి కరెంటు లాగింది అతను. అరలు కొట్టింది అతను. కిటికీ అద్దం తుడుస్తూ తుడుస్తూ అందులో కనబడ్డ ఆమె ముఖాన్ని కూడా తుడిచింది అతను. అప్పుడు ఇద్దరూ ఎంతసేపు నవ్వారో. ఇప్పటికీ ఆ అద్దంలో ఆ మూల ఒక గుండ్రటి మరక ఉంది. ఆమె దాన్ని తుడవనివ్వదు.

ఆ కిటికీలోనే ఉంది రెస్టారెంటుకు పంపిన గిన్నెకు జత. బట్టీలో అదే కాల్పులో, దానితోపాటే పుట్టింది.

నీలం. కానీ ఉత్త నీలం కాదు. వాన ఇంకా కురవని ఆకాశం. అంచు నుంచి అడుగుకు సన్నటి చారలు — ఎవరో లోపలి నుంచి ఆ గిన్నెకు వానను నేర్పినట్టు.

కాలేజీలో ఆమె నీలం ఇలా ఉండేది కాదు. నున్నగా, బుద్ధిగా, బడిగోడలా ఉండేది. మాస్టారు గిన్నెను అటూ ఇటూ తిప్పి, "తప్పేమీ లేదు. అదే తప్పు," అనేవారు. ఈ ఇంటికి వచ్చాక ఆ నీలం మారింది. మొదటి కాల్పు పాడైంది. రెండోదాంట్లో ఒక చార కనబడింది. ఆ తర్వాత చారలే చారలు.

అదే మట్టి. అదే పొడి. అవే కొలతలు. అదే బట్టీ.

మరి ఏం మారింది?

ఆమెకు తెలుసు. తెలుసనుకుంది. ఎవరికీ చెప్పలేదు గానీ, లోపల్లోపల నమ్మింది — సంతోషం. పూత కలిపేటప్పుడు తను నవ్వుకుంటోంది, పాడుకుంటోంది. అది చేతుల్లోంచి బకెట్టులోకి దిగుతోంది. చదువుకున్న పిల్ల, రసాయనాలు బట్టీపట్టిన పిల్ల, అయినా నమ్మింది. తన మీద తనకు అంత నమ్మకం అంతకుముందు ఎన్నడూ లేదు.

జల్లెడ తను వదిలేసిన చోటే ఉంది. నీలం పూత కిందికి దిగిపోయింది. దిగనివి మాత్రం వల మీద మిగిలాయి — రెండు మూడు ఇసుక రేణువులు, ఒక మట్టి పలుకు, ఇంకా...

ఒక పుల్ల.

గోరంత వెదురుపుల్ల. ఒక కొన ఎర్రరంగు. ఇంకో కొన మసి.

వేలితో తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తడిమట్టి వాసన. ఆ వెనక, చాలా వెనక — గంధం.

అగరొత్తి.

టింగ్, అంది బట్టీలో ఒక సాసరు.

ఆమె ఉలిక్కిపడింది.

ఇప్పుడు గుర్తొచ్చాయి అన్నీ. బకెట్టు మూత మీద గరిటెను ఎప్పుడూ కిటికీ వైపు తిప్పి పెడుతుంది. కొన్ని పొద్దుటిపూటలు అది తలుపు వైపు తిరిగి ఉండేది. పిల్లి అనుకుంది. ఈ ఇంట్లో పిల్లి లేదు. ఒకసారి మూత సరిగ్గా పడలేదు. గాలి అనుకుంది. గాలి మూతలు ఎత్తదు. సంతోషంలో ఉన్న మనిషికి ఎన్ని కనబడవో!

అగరొత్తి బూడిద.

బూడిద ఊరికే ఉండదు. బట్టీ వేడికి అది కరుగుతుంది. పూతను పలచబరుస్తుంది, కిందికి జారుస్తుంది, చారలు కట్టిస్తుంది. ఈ సంగతి ఆమె పరీక్షలో రాసింది. మంచి మార్కులు కూడా వచ్చాయి.

అయితే ఆ వాన తనది కాదు.

గిన్నె కిటికీలో అలాగే ఉంది. నీలంగా. అందంగా. మొదటిసారి ఆమెకు ఆ గిన్నె మీద అనుమానం వేసింది — ఇంట్లో ఎవరితోనో కుమ్మక్కైనట్టు.

*

దేవుడి అర ముందు గది గోడకు ఉంది. చిన్న పటం, చిన్న దీపం, అగరొత్తులు గుచ్చే ఇత్తడి గిన్నె, కింద పడ్డ బూడిద పట్టే పింగాణి పళ్ళెం. ఈ ఇంట్లో ఆమె ఆ అర జోలికి ఎప్పుడూ పోలేదు. దేవుడంటే ఆమెకు కోపం లేదు, పరిచయం లేదు. అంతే.

పళ్ళెం ఖాళీగా ఉంది. శుభ్రంగా తుడిచి ఉంది.

ఆ అరను రోజూ తుడిచేది అత్తయ్య.

అనుమానం చిత్రమైనది. అంతవరకు ప్రేమగా కనబడిన ముఖాన్ని కూడా వేరే వెలుగులో చూపిస్తుంది. అత్తయ్య ఉల్లిపాయలు తరుగుతోంది. ఆ వేళ్ళు. ఆ మౌనం. 'మట్టిచేతులమ్మా' అన్న ఆ పిలుపు. ఒకవేళ ఆవిడకు తన పని మీద మొదటి నుంచీ నమ్మకం లేదేమో... కోడలు పరువు తీస్తుందని భయపడి...

"అత్తయ్యా, ఆ అర మీది బూడిద ఏం చేస్తారు?"

"ఏం చేస్తాను? మొక్కల్లో పోస్తాను. ఈమధ్య పోసే పని కూడా ఉండట్లేదు, నేను లేచేసరికే పళ్ళెం ఖాళీ. ఏం?"

"ఏం లేదు. మీరు రోజూ దండం పెట్టుకుంటారు కదా అని..."

"నేనా!" అత్తయ్య కత్తి ఆపింది. "మీ మామయ్య పోయినప్పటి నుంచి నాకూ ఆ దేవుడికీ మాటల్లేవమ్మాయ్."

"మరి రోజూ ఎందుకు తుడుస్తారు?"

"తుడవకపోతే ఎలా? ఇంట్లో ఉన్నాడు కదా. మాట్లాడకపోయినంత మాత్రాన ఒకరి చోటు దుమ్ము పట్టనిస్తామా?"

ఉల్లిఘాటుకు ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి.

"ఆ అగరొత్తుల గోలంతా నీ మొగుడిది," అంది అత్తయ్య కళ్ళు మోచేత్తో తుడుచుకుంటూ. "చిన్నప్పటి నుంచీ అంతే. ఒకసారి పెద్ద పరీక్షకి ముందు, ఎవరికీ చెప్పకుండా సిరాబుడ్డిలో బూడిద కలిపాడు. అక్షరాలకి బలమొస్తుందట! హాల్లో కూర్చున్నాక పెన్ను గడ్డకట్టుకుపోయింది. పక్కబెంచీ పిల్ల జాలిపడి ఇంకో పెన్నిస్తే రాశాడు. పాసయ్యాడు. ఇంటికొచ్చి ఏమన్నాడో తెలుసా?"

ఆమెకు తెలుసు. వినకముందే తెలుసు.

"నాకు ముందే తెలుసమ్మా, అన్నాడు!"

అత్తయ్య పడీపడీ నవ్వింది.

ఆమె కూడా నవ్వింది. ఆప్రాన్ జేబులో పుల్లను వేలితో తడుముకుంది.

*

అతను వచ్చాడు. చెప్పినట్టే త్వరగా. చెప్పినట్టే ఏదో తెచ్చాడు.

బకెట్టు.

ఎర్రది. మూత ఉన్నది. పిడికి రిబ్బను కట్టి ఉంది.

"పెద్ద పని కదా, పాతది సరిపోదని..." అన్నాడు, పువ్వులు తెచ్చినవాడిలా సిగ్గుపడుతూ.

ఇంకో రోజైతే ఆమె ఆ బకెట్టును నెత్తిన పెట్టుకుని ఊరేగేది. ఎంత బాగుంది ఎరుపు! ఎంత అతనిలా ఉంది ఆ రిబ్బను, వంకర ముడితో! ప్రేమ ముంచుకొచ్చింది. ఆ ప్రేమ మధ్యలోంచే పిడికిలి తెరిచింది.

అరచేతిలో గోరంత పుల్ల.

అతను చూశాడు. బకెట్టు నెమ్మదిగా కింద పెట్టాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"...మొదటి కాల్పు పాడైన మర్నాటి నుంచి."

"ఎంత వేసేవాడివి?"

"చిటికెడే."

"చూపించు చిటికెడంటే ఎంతో."

అతను చూపించాడు. అది చిటికెడు కాదు. పిడికెడు. లిఫ్టుల ఇనుప తాళ్ళు బిగించే చేతికి చిటికెడు అంటే అంతే కాబోలు.

"నీ చేతుల మీద నాకు నమ్మకం అన్నావు," అంది ఆమె. "రోజూ అనేవాడివి. అంటూనే వెళ్ళి బూడిద వేసేవాడివి."

"నమ్మకం లేక కాదు."

"మరి?"

అతను తల గోక్కున్నాడు. "నేను తాడు నాలుగుసార్లు చూస్తాను. తర్వాత దండం పెడతాను. తాడు మీద అనుమానం ఉండి పెడతానా? తాడు మంచిదని తెలిసే పెడతాను."

"తాడును నాలుగుసార్లు చూస్తావు. నా పూతను ఒక్కసారైనా చూశావా?"

అతను వంగి బకెట్టు మీది రిబ్బను సవరించాడు.

బల్ల అవతల అత్తయ్య చెంచాలు సర్దుతోంది. అవి ఎప్పుడో సర్దేసిన చెంచాలే.

"మొదటి కాల్పు పాడైన రోజు నీ చేతులు వణికాయి," అన్నాడు అతను. "తలుపు సందులోంచి చూశాను. నీ మీద నీకు నమ్మకం పోయింది ఆ రోజు. నా నమ్మకం ఇద్దామంటే... అది మాటేగా, నోటితో ఇస్తే గాలికి పోతుంది. చేతిలో పట్టుకుని ఇవ్వడానికి ఏదో ఒకటి కావాలి కదా. నా దగ్గర ఉన్నది అదే."

ఆమెకు అతని జుట్టు సవరించాలనిపించింది. సవరించలేదు.

"ఇంకోటి చెప్పనా?" అన్నాడు. "వాళ్ళకి పంపిన గిన్నె ఉంది చూడు... ఆ కాల్పుకి నేను వెయ్యలేదు."

ఆమె అరచేతిని పుల్ల మీద మూసింది.

"వెయ్యలేదా?"

"ఆ రోజు నువ్వు పాడుకుంటూ కలుపుతున్నావు. చేతులు వణకట్లేదు. ఇక నా అవసరం లేదనిపించింది. పళ్ళెం తీసుకుని గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాను."

ఎంత తియ్యటి మాట!

మరీ తియ్యటి మాట.

నిజమా? ఇప్పుడు, ఈ నిమిషంలో, తన ముఖం చూసి అల్లిన మాటా? అతని కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి — తనకు ఎంతో ఇష్టమైన కళ్ళు. అందుకే వాటిలో ఏమీ కనబడలేదు.

నిజమే అయినా... బకెట్టు అదే కదా. తను ఎన్నడూ దాన్ని పూర్తిగా ఒంపి కడగలేదు. అడుగున మిగిలిన పాత పూత మీదే కొత్తది కలుపుతుంది, పాల మీద పాలు పోసినట్టు. అతను ఆ రోజు వేసినా, వెయ్యకపోయినా, అడుగున పాత బూడిద ఉంటుంది. పాత దండాలూ ఉంటాయి.

అయితే చారలు దేనివి?

పాటవా? బూడిదవా? గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయిన అడుగులవా?

వచ్చేవారం రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టి చూస్తారు. తేడా లేకపోతే తనే. తేడా ఉంటే...

తేడా ఉంటే తను ఎవరు?

*

అతను స్నానానికి వెళ్ళాడు. నీళ్ళ చప్పుడు. ఎప్పటిలా ఈల వెయ్యలేదు.

ఆమె ముందు గదిలోకి వచ్చింది. ఎందుకొచ్చిందో తెలియదు. సాయంత్రపు వెలుగు గోడ మీద పలచగా ఉంది. అర మీద అతను వచ్చీరాగానే వెలిగించిన అగరొత్తి సగం కాలింది. పళ్ళెంలో కొత్త బూడిద — బూడిదరంగు వానపాములా, ముట్టుకుంటే చెదిరిపోయేలా.

తనకు దీనితో పని లేదు. తన చేతులు తనకున్నాయి. తన చదువు తనకుంది.

రేపు ఆ కొత్త బకెట్టులో కొత్త పూత కలిపితే... బడిగోడ నీలం వస్తే?

చెయ్యి చాపింది.

కాదు, చెయ్యి దానంతట అదే సాగింది.

వేలి కొనకు వెచ్చగా, మెత్తగా, ఏమీ లేనంత తేలికగా తగిలింది.

ఇంతేనా? ఇంత తేలికైనదాన్ని పట్టుకునా అతను రోజూ గుమ్మం దాటాడు?

వెనక అడుగుల చప్పుడు. గబుక్కున తిరిగింది. చెయ్యి పని ఆప్రాన్ మడతల్లోకి పోయింది.

అత్తయ్య.

"ఏంటమ్మాయ్ ఆ వేలికి?"

"దుమ్ము అత్తయ్యా."

"పొద్దున్నే తుడిచానే ఆ అరని."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అత్తయ్య ముఖంలో నవ్వు లేదు, కోపం లేదు. ఎంతోకాలంగా మాటల్లేని ఇంట్లో ఎవరో గుసగుసలాడితే చెవి ఒగ్గినట్టు... అలా చూసింది. తర్వాత ఏమీ అడగకుండా దీపం వత్తి కాస్త పైకి లాగి, వెళ్ళిపోయింది.

ఆమె వేలిని ఆప్రాన్‌కు తుడుచుకుంది. ఇంకా తుడుచుకుంది. గోటి సందులో సన్నటి గీత మిగిలే ఉంది.

ఇంతసేపూ ఇంట్లో అందరినీ అనుమానించింది.

ఒక్కరు మిగిలిపోయారు.

*

ముగ్గురూ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. కొత్త బకెట్టు ఒక కుర్చీలో నాలుగో మనిషిలా కూర్చుంది. రిబ్బను ఇంకా విప్పలేదు.



అతను ఆమె పళ్ళెం వైపు ఉప్పు జరిపాడు, అడక్కుండానే. ఆమె తీసుకుంది. ఉప్పు సరిపోయిందని తెలిసినా.

"రేపు పొద్దున," అంది ఆమె.

ఇద్దరూ తలెత్తారు.

"రేపు పొద్దున రెండు బకెట్లలో పూత కలుపుతాను. కొత్తదాంట్లో నేను కొలిచిన పొడీ, నీళ్ళూ. ఇంకేమీ లేదు. పాతదాంట్లో నువ్వు నీ చిటికెడు వెయ్యి. దొంగచాటుగా కాదు, నా ఎదురుగా. దాంట్లో ఒక గిన్నె, దీంట్లో ఒక గిన్నె. రెండూ ఒకే బట్టీలో, ఒకే అరలో."

"సరే," అన్నాడు అతను. కాస్త ఆగి, మెల్లగా, "దండం పెట్టుకోవచ్చా?"

ఆమెకు నవ్వొచ్చింది. సాయంత్రం నుంచి మొదటిసారి.

"పెట్టుకో. కానీ రెండింటికీ కలిపి పెట్టు."

"అప్పుడిక పరీక్షేముంది?" అంది అత్తయ్య. "నేను చూస్తా, ఉండండి. కుర్చీ వేసుకుని గుమ్మంలో కూర్చుంటా. మీ ఇద్దర్నీ నమ్మను."

ఆవిడ 'ఇద్దర్నీ' అన్నప్పుడు ఆమె వైపే చూసింది.

ఆమె బల్ల కింద వేలిని మడుచుకుంది.

టింగ్.

ముగ్గురూ ఆగిపోయారు.

బట్టీ ఎప్పుడో చల్లారిపోయింది. సాసర్లన్నీ బయటికి తీసేసింది. మరి కిటికీలోని నీలం గిన్నెదా? కాల్చిన ఎన్నాళ్ళకో కూడా ఒక్కో గిన్నె ఇలా పలుకుతుంది, లోపల ఏదో ఇంకా సర్దుకోనట్టు. లేక వెనకగది రేకు మీద...

"వానా?" అన్నాడు అతను.

"గిన్నేమో," అంది అత్తయ్య.

బట్టలు మళ్ళీ తీగ మీదే ఉన్నాయి. రెండు తువ్వాళ్ళూ. లేవాలి. ఎవరూ లేవలేదు. చెవులు రిక్కించి రెండో చప్పుడు కోసం చూశారు.

"ఇంకో మాట," అంది ఆమె, గొంతు తగ్గించి. "రేపు పొద్దున వెనకగదిలోకి వచ్చే ముందు ముగ్గురం చేతులు కడుక్కోవాలి. సబ్బుతో. గోళ్ళ సందుల్లో కూడా."

"నేనెందుకు?" అంది అత్తయ్య.

"ముగ్గురం," అంది ఆమె. "ముందు నేను."

టింగ్...